తాళం వేసిన గాలి

నేను ఒక లారీ ట్యూబుని. నవ్వకండి. నల్లటి రబ్బరు ముద్దకి ఆత్మకథేమిటని మీరనుకుంటారని నాకు తెలుసు. మనుషులు రాసుకోవడం లేదా? వాళ్ళ కథల్లో ఉండేదీ గాలే. నాలో ఎంతుందో వేలితో నొక్కి చూసుకోవచ్చు, వాళ్ళలో ఆ వీలు లేదు. అంతే తేడా.

పుట్టింది ఫ్యాక్టరీలో. వేడి అచ్చులో నన్ను వండి, నీళ్ళతొట్టిలో ముంచి, బుడగలు రాకపోతే "పాస్" అన్నారు. జన్మలో నేను రాసిన పరీక్ష అదొక్కటే. నా చదువు అక్కడితో సరి. దాని తర్వాత పెద్ద పెద్ద చదువులవాళ్ళని నీళ్ళలో చూశాను. నా పరీక్ష పాసైనవాళ్ళు వాళ్ళలో బహు తక్కువ.

పిడుగురాళ్ళ సైదులు లారీలో నా ఉద్యోగం. టైరు లోపల చీకటి. పరువంతా టైరుది, బరువంతా నాది. ఎండిన తుమ్మముల్లు దగ్గర్నుంచి గుర్రపునాడా దాకా రోడ్డు మీద ఉన్న ప్రతి పోకిరీ నన్ను పొడిచాడు. ఆరు అతుకులు పడ్డాక సైదులు నన్ను విప్పి క్యాబిన్ మీద కట్టేశాడు. అక్కడ గాలి తగిలేది. అప్పుడు తెలిసింది, లోకంలో ఆకాశం కూడా ఉందని.

ఒకసారి ఎండుచేపల లోడుకని ఇసకదిబ్బలపేట వచ్చాం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనే ఉన్న పల్లె. మూటలు కట్టేలోగా సైదులుకి స్నానం చేయాలని బుద్ధి పుట్టింది. సముద్రమంతా అలలు విరుచుకుపడుతున్నాయి. మధ్యలో ఒక్కచోట మాత్రం నీరు నున్నగా, పరుపు పరిచినట్టు ఉంది. సైదులు సరిగ్గా అటే నడిచాడు.

ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తున్న పోలమ్మ కేకేసింది. "బావూ! ఆ సోట దిగకు. అల లేని సోటే లాగుద్ది!"

"శ్రీశైలం ఘాట్లో బ్రేకుల్లేని బండి దింపినోణ్ణమ్మా. ఈ మోకాటి లోతు నీళ్ళేం జేస్తయ్?"

"సంద్రానికీ బ్రేకుండదు బావూ!"

ఆ మాట పూర్తయ్యేసరికే సైదులు తాటిచెట్టంత దూరం పోయాడు. విషయం చిన్నదే. రెండు పక్కలా అలలు తెచ్చి పోసిన నీళ్ళు తిరిగి వెళ్ళడానికి ఒక దారి కావాలి. ఆ నున్నటి చోటే ఆ దారి. ఆ లాగుడులో దిగినవాణ్ణి పలకరింపైనా లేకుండా తీసుకుపోతుంది. పోలమ్మ మొగుడు ఎర్రయ్య ఉత్త చేతులతో దూకాడు. సైదులు అతణ్ణి చూసిన ఆనందంలో మెడ కావలించుకున్నాడు. ఇద్దరూ కలిసి మునిగారు. తిరిగొస్తున్న తెప్ప ఒకటి ఆ దారిన రాకపోతే ఆ రోజుకి రెండు శవాలు.

ఎర్రయ్య మెడ మీద వేళ్ళ గుర్తులు వారం రోజులున్నాయి. సైదులు వెళ్తూ వెళ్తూ క్యాబిన్ ఎక్కి, నన్ను విప్పి, అతని ముందు పెట్టాడు.

"అన్నా, ఇంకెవడన్నా నాబోటోడు వస్తే మెడ ఇవ్వబాక. ఇది ఇయ్యి."

ఇన్నేళ్ళు రోడ్డు మీద తిరిగి నేను విన్న తెలివైన మాట అదొక్కటే. అదీ మునిగి తేలాకే వచ్చింది.

ఎర్రయ్య నాకు గాలి నింపి, పొడుగాటి తాడు కట్టి, ఒడ్డున పాతిన సరుగుడు గుంజకి తగిలించాడు. నా పక్కనే పోలమ్మ ఎండుచేపల గంప. అబ్బ, ఏం రోజులవి! ఎదురుగా సముద్రం, పక్కన పోలమ్మ నోరు. రెంటికీ అలుపు లేదు. సముద్రానికి వీపు పెట్టి ఫోటో దిగేవాణ్ణి చూస్తే, "ఆ ఈపు సంద్రానికి సూపిత్తావేటి నాయనా? మర్యాద లేదా?" అనేది. సీసాతో వచ్చినవాళ్ళని చూస్తే, "తాగినోడు గట్టు మీదే నిలబడలేడు, నీల్లలో నిలబడతాడంట!" అనేది. "మాకు ఈతొచ్చు పిన్నీ" అన్నవాళ్ళని, "ఎక్కడ నేర్సినావు? మీ ఊరి సెరువులోనా? సెరువు నిన్నెక్కడికీ లాక్కెల్లదు కదా!" అని నిలదీసేది. పదిమందిలో తొమ్మండుగురు నవ్వి ఆగేవారు. పదోవాడి కోసం నేను.

అలా ముగ్గుర్ని తెచ్చాను. నాలుగోవాడు మిల్లు జగ్గునాయుడు. అతను బతికి ఒడ్డున పడి, నన్ను కావలించుకుని ముద్దులు పెట్టాడు. ఆ ముద్దులే నా కొంప ముంచాయి.

"ఇది ట్యూబు కాదు. గంగమ్మ తల్లి పంపిన వాహనం!" అన్నాడు.

గంగమ్మ గుడి పూజారి ధనయ్య అవునన్నాడు. పుట్టుక మత్స్యకారుడిదే కానీ, చిన్నప్పట్నుంచీ గుడి వదలనివాడు, జన్మలో వల పట్టనివాడు. కార్తీక పౌర్ణమికి గుడి పక్కన నాకొక గది లేచింది. ఇనుప తలుపు, పిడికిలంత తాళం. ఒళ్ళంతా పసుపు, అతుకతుక్కీ కుంకుమ బొట్టు. నాయుడి భార్య జరీ గుడ్డ కప్పి, జారిపోకుండా పిన్నీసు గుచ్చింది. సరిగ్గా నా ఒంట్లోకే. భక్తి కదా, నేను "అమ్మా" అనకూడదు.

నిజం చెప్పొద్దూ, నాకు మతి పోయింది ఆనందంతో. లారీ కింద దుమ్ము తిన్నవాణ్ణి, కొబ్బరికాయ కొడితే ఎలా ఉంటుంది చెప్పండి! పోలమ్మ ఒక్కతే తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ట్యూబు గుళ్ళో ఉంటే సంద్రం కాడ ఏటుంటాది బావా?"

"తల్లుంటాది" అన్నాడు ధనయ్య. జనం చప్పట్లు కొట్టారు. మంచి మాట కదా, దాని అర్థంతో ఎవరికీ పనిలేదు. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, అతను బువ్వకి పోయాడు.

మర్నాడు నా గుంజకి ఎవరో ప్యాంటు ఆరేశారట.

మూడు నెలలు గడిచి మాఘ పౌర్ణమి వచ్చింది. సముద్ర స్నానాలకి ఎక్కడెక్కడి జనమో దిగారు. పల్లెలో పడవలన్నీ వేటలో ఉన్నాయి, ఎర్రయ్య కూడా. పొద్దున్నే ధనయ్య ఇత్తడి చెంబు పట్టుకుని బయల్దేరాడు. అమ్మవారికి సముద్రపు నీళ్ళు తేవాలి, చుక్క తొణక్కూడదు. అలల్లో దిగితే చెంబు తొణుకుతుంది. అందుకని నున్నటి చోటు వెతుక్కున్నాడు.

"అటు కాదు బావా! దారి ఇయాల అక్కడికి జరిగింది, సూడు!" అని పోలమ్మ అరిచింది. సముద్రం ఆ దారిని ఒకేచోట ఉంచదు, ఇసక కదిలినట్టల్లా మారుస్తుంది. ధనయ్య వెనక్కి తిరిగి, దీవించినట్టు చెయ్యెత్తి, "తల్లి నాకు దారిచ్చిందే పోలీ!" అన్నాడు. ఇచ్చింది మరి. వెళ్ళే దారి.

చూస్తుండగానే తల కొబ్బరికాయంతైంది. అతను చెయ్యి ఊపాడు. ఒడ్డున జనం పొంగిపోయి తిరిగి ఊపారు. రెండు చేతులూ ఊపాడు. "జై గంగమ్మ తల్లీ!" అని వందమంది సాష్టాంగపడ్డారు.

"దండాలేటర్రా! ఆడు ములిగిపోతన్నాడు!" పోలమ్మ గంప తన్నేసి గుడి వైపు పరిగెత్తింది. వెనకాల జనం.

తాళం.

"తాలంసెవి ఏదీ?"

ఎవరో అన్నారు, "ధనయ్య మొలతాడుకి." అందరూ ఒక్కసారి సముద్రం వైపు చూశారు.

జగ్గునాయుడు చేతులడ్డం పెట్టాడు. "అమ్మోరి తలుపు పగలగొడితే అరిష్టం!"

"ఆ అరిట్టం నాకిచ్చీండి. రాయి ఇటియ్యండి!"

లంగరు రాయి. మూడు దెబ్బలు. తాళం ఊడి పడింది. పోలమ్మ జరీ గుడ్డ పట్టి ఒక్క లాగు లాగింది. పిన్నీసు ఊడింది. నా లోపలున్నది బయటికి "స్స్స్" మంది. అప్పటికే పిన్నీసు చుట్టూ కారి సగమయ్యాను. ఇప్పుడు ఆ సగమూ పోతోంది.

ఆమె నన్ను నిలబెట్టి ఇసకలో దొర్లించింది. ఓహోహో! టైరు లేకుండా, బరువు లేకుండా, బంతిపూలు రాల్చుకుంటూ, జన్మలో మొదటిసారి సొంతంగా పరిగెత్తాను! నా ఒంటికే ఉన్న పాత తాడు కొసని పోలమ్మ స్నానాల ఆడవాళ్ళ చేతుల్లో పడేసి, "అమ్మలారా, ఇది వదిలితే మీ పున్నెం నీల్లపాలే!" అని, చీర కుచ్చెళ్ళు దోపి, నా మీద బోర్లా పడి లాగుడులోకే దిగింది. ఎదురీదలేదు. తీసుకుపోయేదాన్ని తీసుకుపోనిచ్చింది. బొటనవేలు మాత్రం నా చిల్లి మీద గట్టిగా అదిమి పెట్టింది.

ధనయ్య కళ్ళు తెల్లబడ్డాయి. మమ్మల్ని చూడగానే రెండు చేతులూ ఆమె మెడ మీదికి చాచాడు. ఆమె తల పక్కకి వంచి నన్ను అతని గుండెకి నెట్టింది.

"మెడ కాదు బావా, ట్యూబు! ఆ సెంబొదిలీ!"

అవును, ఒక చేతిలో చెంబు ఇంకా ఉంది.

"అమ్మోరి సెంబే..." అంటూ నీళ్ళు మింగాడు.

"అమ్మోరిదైతే అమ్మోరికే ఇచ్చీ! ఆవిడ ఇంట్లోనే కదా ఉన్నాం!"

వదిలాడు. రెండు చేతులూ నా చుట్టూ వేశాడు. నేను మెత్తబడి మడతలు పడుతున్నాను. ఒడ్డుకి తిన్నగా కాకుండా, ఒడ్డు వెంబడి పక్కకి కాళ్ళాడించింది పోలమ్మ. లాగుడు అంచు దాటగానే ఒక అల వచ్చి మమ్మల్ని వీపు మీద చరిచింది. ఆ చరుపే ఆశీర్వాదం. అవతల ఇరవైమంది ఆడవాళ్ళు "హైలెస్సా" అంటూ తాడు లాగారు. లాగి లాగి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

ఒడ్డున ధనయ్య నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, మొట్టమొదట అన్న మాట:

"తాలం ఎవులు పగలగొట్టినారు?"

పోలమ్మ ఇసకలో దొర్లి దొర్లి నవ్వింది. నాలో గాలి ఉంటే నేనూ నవ్వేవాణ్ణి.

ఆ మధ్యాహ్నమే నాకు ఏడో అతుకు పడింది. మళ్ళీ సరుగుడు గుంజకి చేరాను. నా గదిలో ఇప్పుడు మేకలు పడుకుంటాయి. పోలమ్మ పల్లెకి ఒక కొత్త ఆచారం పెట్టింది. సముద్రంలో దిగేవాడెవడైనా ముందు నా దగ్గరికి రావాలి. దండం పెట్టకూడదు. బొట్టు పెట్టకూడదు. వేలితో నొక్కి గాలి చూడాలి, తాడు ముడి లాగి చూడాలి, లాగుడు దారి ఇవాళ ఎక్కడుందో ఆమెని అడగాలి. అప్పుడు దిగాలి.

మనుషులు మారతారని నాకేం పెద్ద నమ్మకం లేదు. కానీ రోజూ పొద్దున అందరికంటే ముందు వచ్చేది ధనయ్య. చుట్టూ చూస్తాడు. చేతులు అలవాటుగా జోడించబోయి, పోలమ్మ దగ్గితే, సర్దుకుని ఏడో అతుకు మీద బొటనవేలు అదిమి చూస్తాడు. వంగినప్పుడు అతని మొలతాడుకి తాళంచెవి గలగలమంటుంది. దాన్ని అతను విప్పలేదు. దానికి తెరవడానికి తాళమే లేదు.

"ఉందా బావా?" అంటుంది పోలమ్మ.

"ఉందే" అంటాడు.

ఉన్నాను.