కోడి కింద నంబరు

ఇంటర్వ్యూ పదిన్నరకు. పది దాటినా మా బడి వీడియో మిషను నెట్‌వర్క్‌లో రిజిస్టర్ కాలేదు.

గుంతకల్లు దగ్గర ఆడపిల్లల హాస్టల్ కాలేజీలో సీటు కోసం ఆ ఇంటర్వ్యూ. సొంత ఫోన్లలో అయితే పక్కనుంచి ఎవరో ఒకరు జవాబులు అందిస్తారని, రిజిస్టర్ చేసిన బడి మిషన్‌లోనే మాట్లాడాలని కాలేజీవాళ్లు నియమం పెట్టారు. సీటు రాకపోతే నేను చదువు మానేసి నాయనతో బెంగుళూరు పోయి ఇటుకలు మోయాలి. మా వేరుశనగ ఈసారి కూడా ఎండిపోయింది. బట్టల మూట అప్పటికే గడప పక్కన ఉంది.

జయరాం సారు మిషను తిరగేశాడు. వెనక అంటించిన తెల్లకాగితం మీది నంబరు కొడితేనే అది రిజిస్టర్ అవుతుంది. ఆ కాగితం మీద గంధం, కుంకుమ గట్టిగా పేరుకుని ఉన్నాయి. పోయిన దసరాకు ముందు వచ్చిన మిషను అది. ఆయుధపూజ రోజు బడి ఊడ్చే ఓబమ్మవ్వ గంటకూ, కుర్చీలకూ, దానికీ బొట్లు పెట్టింది. ఆ తర్వాత బీరువాలో పెట్టి తాళం వేశారు.

సారు తడిగుడ్డతో తుడిచాడు. కుంకుమతో పాటు చివరి అంకెలు కూడా చెరిగిపోయాయి. ఊహించి రెండుసార్లు కొట్టాడు. ఇంకొక్కసారి తప్పు కొడితే రేపటి వరకు తెరుచుకోదని తెర మీద వచ్చింది.

"ఏం పని చేసినావు ఓబమ్మా! బొట్టు పెట్టేదానికి ఇంగ యాడా చోటు దొరకలేదా?"

"తెల్లగా ఉండాదని ఆడ పెట్టినా సార్. గంటకూ పెట్టినా, అది మోగుతానే ఉండాది గదా. మీ మిషనుకే ఇంత రోషమా?"

సారు తల పట్టుకుని కూర్చున్నాడు. మా మామ కొత్త సెల్లు కొన్నప్పుడు దాని నంబరు పెట్టె మీద కూడా ఉండడం చూశాను. ఆ మాట చెప్పాలి. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. బడిలో ఎవరూ అడగకుండా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"అట్టపెట్టె" అన్నాను. ఎవరికీ వినబడలేదు.

ఈసారి అరిచాను. "అట్టపెట్టె యాడుండాది సార్? దాని మీద కూడా నంబరుంటాది!"

సారు ఓబమ్మవ్వ వైపు చూశాడు.

"నేనే తీసుకుపోయినా," అంది అవ్వ మెల్లగా. "మా కోడి దాంట్లో పొదుగుతాండాది."

నేనూ అవ్వా వాళ్లింటికి పరుగెత్తాం. పెట్టె మీది కాగితం సగం కోడిరెట్ట కింద ఎండిపోయి ఉంది. గోరుతో గీకబోయాను. కోడి నా చెయ్యి పొడిచింది.

"గీకద్దు పాపా! ఈ అంకెలూ పోతాయి. కోడితోనే ఎత్తుకుపోదాం."

చెరోవైపు పట్టుకుని వీధిలోకి వచ్చాం. టీకొట్టు ఎర్రన్న చూసి నవ్వాడు.

"ఏమే ఓబమ్మా, కోడికి కూడా ఇంటర్వ్యూనా?"

ఆ కేకకు కోడి ఎగిరి దూకి పారిపోయింది. అవ్వ ఆగలేదు. గుడ్ల మీద కొంగు కప్పి నడిచింది.

బడిలో సారు ఆ కాగితం మీద నీళ్లు చుక్కచుక్కగా వేసి, దూదితో అద్దాడు. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. నేను చదువుతుంటే ఆయన కొట్టాడు. తెర మీద చక్రం తిరిగింది. రిజిస్టర్ అయిందని వచ్చిన వెంటనే ముగ్గురి ముఖాలు కనబడ్డాయి.

"నీ గురించి చెప్పమ్మా."

నేను చేతులెత్తి నమస్కారం పెట్టి ఆగిపోయాను. ఒక మేడం చేతిలో కాగితం తిరగేసింది. ఇంక నన్ను వదిలేస్తారనుకున్నాను.

"చేతికి ఆ రక్తమేంటి?" అని అడిగింది.

"కోడి పొడిచింది మేడం" అన్నాను. ఆ తర్వాత ఏమేం చెప్పానో నాకే సరిగా గుర్తులేదు. ఫలితం శుక్రవారం చెబుతామన్నారు.

బయట మెట్ల మీద ఓబమ్మవ్వ గుడ్లు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

"బాగా మాట్లాడితివా?"

"తెలీదవ్వా. గుడ్లెట్లుండాయి?"

ఇంకా వెచ్చగా ఉందేమోనని అవ్వ ఒక గుడ్డును మూసిన కంటిరెప్పకు ఆనించుకుంది.

"ఇదీ తెలీదు పాపా. కోడి మళ్లా కూసుంటే చూడాల."

ఇద్దరం కోడిని వెతకడానికి లేచాం.