పోచయ్య వీపు మీద ఏడో నంబరు

నేను ఒక గోల్ఫ్ కర్రను. జలంధర్‌లోని ఇరుకు కార్ఖానాలో నాకు ఉక్కు తల, రబ్బరు పిడి అతికించి, తల మీద ఏడు అంకె పొడిచారు. తోబుట్టువులతో కలిసి సికింద్రాబాదు చేరాను. మమ్మల్ని కొన్నది కాన్పుల డాక్టరు హైమవతి గారు. గోల్ఫ్ మైదానంలో ఆమె వెంట మా సంచి మోసింది పోచయ్య. ఆమె చేతిలో నేనుండేది పూటకు పది నిమిషాలు, అతని వీపు మీద నాలుగు గంటలు. అయినా అందరూ నన్ను డాక్టరమ్మ కర్ర అనేవారు.

పంతొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. ఆమె ముందు, అతను పదడుగులు వెనక. ఆమె ముందుకు చూస్తూనే ఆసుపత్రి కబుర్లు చెప్పేది, అతను వెనక నుంచి ఊఁ కొట్టేవాడు.

ఉద్యోగం విరమించిన ఏడాది ఆమె మనసు ఊటీ కొండల్లోని గోల్ఫ్ మైదానం మీదికి పోయింది. ఇద్దరూ ఎన్నడూ చూడని చోటు. నీలగిరి చెట్ల మధ్య పచ్చటి వాలు, దాని మీద పాకే మంచు ఉన్న బొమ్మను ఒక పత్రికలో చూపించి, నువ్వు కూడా రావాలి, నువ్వు లేకపోతే ఏ కర్ర తీయాలో నాకు తెలియదు అంది. పోచయ్య ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"గంత ఎత్తుంటదా అమ్మా?" అన్నాడు.

ఆమె ఉత్తరం రాసి మైదానం పటం తెప్పించింది. రోజూ ఆట అయ్యాక దాన్ని బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టేవారు. చదువురాని పోచయ్య వేలితో గీతల వెంట నడుస్తూ, ఇక్కడ గాలి ఎదురొస్తది, ఇక్కడ ఏడో నంబరు తీయాలె అని తేల్చేవాడు. టికెట్లు కొన్నారు. చలికాలంలోనే కోఠీలో టిబెట్‌వాళ్ల దగ్గర కొని పెట్టుకున్న మెరూన్ రంగు స్వెటర్‌ను అతను మే నెల ఎండలో తొడుక్కుని వచ్చి చూపించాడు. ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

కొండ నడకకు అలవాటు పడదామని ఒక ఉదయం ఇద్దరూ మైదానం వెనకున్న గుట్ట ఎక్కారు. పైకి చేరాక ఆమె వెనక్కి తిరిగి చూసింది. పోచయ్య సగం దారిలో బండ మీద కూలబడి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. ఆమె పరుగున దిగివచ్చి, సంచి లాగేసి, అతని వీపుకు చెవి ఆనించింది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"ఇయ్యాల్నే అమ్మా."

అబద్ధం. ఆ వీపు లోపలి పిల్లికూతలు నేను మూడేళ్లుగా వింటున్నాను. కర్రకు చెవులుంటే సరిపోదు కదా.

ఊపిరితిత్తులు రెండూ గట్టిపడ్డాయని ఎక్స్‌రే చెప్పింది. ఆమె టికెట్లు రద్దు చేసి, అతన్ని పెద్ద డాక్టర్ల చుట్టూ తిప్పింది. మీరన్నా పోయి రాండ్రని అతను మంచం మీద నుంచే బతిమాలాడు. ఆమె వెళ్లలేదు. శ్రావణమాసంలో పోచయ్య పోయాడు.

పదకొండో రోజున ఆమె నన్నొక్కదాన్నే తెచ్చి అతని భార్య భూదమ్మకు ఇచ్చింది. పాపం, భూదమ్మ మాత్రం నన్నేం చేసుకుంటుంది? నాతో మునక్కాయలు రాల్చుకునేది. బంతిని గుంతలోకి తోలడం కంటే అది అక్కరకొచ్చే పనే.

సంక్రాంతి పోయాక ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. చాయ్ గ్లాసు పట్టుకుని, ఆయాసం సంగతి పోచయ్య ఇంట్లో ఎప్పుడైనా చెప్పాడా అని అడిగింది.

"మూడేండ్ల కిందనే చెప్పిండమ్మా. మీతోని అనద్దన్నడు," అంది భూదమ్మ. "తెలిస్తే ఇంకో మనిషిని పెట్టుకుంటరని."

డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టేసింది. చక్కెర తక్కువైందేమో అనుకుని భూదమ్మ లోపలికి వెళ్లింది. అప్పుడు ఆమె నన్ను ఒళ్లోకి తీసుకుని, పిడిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

భూదమ్మ చక్కెర డబ్బాతో తిరిగి వచ్చేసరికి, నన్ను గోడకు ఆనించి, కొంగుతో ముఖం తుడుచుకుని, చాయ్ బాగుందని చెప్పింది.