నడుం మీద పాదం

నా పెళ్లాం అప్పలనర్సమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. అంటే తల్లి కడుపులోంచి తలకన్నా ముందు కాళ్లు బయటపెట్టింది. అలాంటివాళ్లు తంతే నడుంపట్టు వదులుతుందని మావాళ్ల నమ్మకం. అందుకే తెల్లారేసరికి హల్దియాపదర్ పేటలో మా ఇంటి గుమ్మంలో నడుములు పట్టుకుని మగాళ్లు నిలబడి ఉంటారు. ఈవిడ పళ్లు తోముకుంటూనే ఒక్కొక్కణ్ణీ తన్ని పంపిస్తుంది. పైగా దండం పెట్టి మరీ వెళ్తారు.

నేను గేట్ బజార్‌లో బియ్యం బస్తాలు మోసే హమాలీని. పోయిన వానాకాలం నడుం పట్టేసి మంచం దిగలేకపోతే, స్నానానికి కూడా నర్సమ్మే మోసుకెళ్లినంత పని చేసింది. అప్పటినుంచీ బస్తా మాటెత్తితే మొహం గంటు పెట్టుకుంటుంది.

ఇంతలో ఊరి బయట కొత్త గోదాములో లోడింగ్ పనికి మనుషులు కావాలన్నారు. నెల జీతం, పీఎఫ్, జబ్బు చేస్తే వైద్యం. కాకపోతే ముందు డాక్టరు వెన్ను చూస్తాడు. వెన్ను బాగుంటేనే పని. సంతలో ఎద్దును చూసినట్టు ఈ చూడటమేమిటని ఒళ్లు మండింది. కానీ ఈ వయసులో అలాంటి పని మళ్లీ దొరకదు. నొప్పి సంగతి డాక్టరుకు చెప్పమంది నర్సమ్మ. నీకేం తెలుసని కసిరాను. ఆవిడ ఎదురు చెప్పలేదు. అప్పుడే నేను అనుమానించాల్సింది.

పరీక్షరోజు పొద్దున పిలవకుండానే వచ్చి, బోర్లా పడుకోబెట్టి, ఎన్నడూ లేని ప్రేమతో ఒక్కటి తన్నింది. కాలు తడిగా తగిలింది. కడుక్కొచ్చింది కాబోలనుకున్నాను. చొక్కా కూడా తనే తొడిగింది.

నడుంనొప్పి ఉందా అని డాక్టరు ఒడియాలో అడిగాడు. జన్మలో ఎరగనన్నాను. వంగమంటే పళ్లు బిగపట్టి వంగాను. బస్తా ఎత్తమంటే నవ్వుమొహంతో ఎత్తాను. చివరికి చొక్కా విప్పి వెనక్కి తిరగమన్నాడు. నర్సు కిసుక్కుమంది. నా నడుం మీద ఐదు వేళ్లతో సహా పసుపు పాదం అచ్చుపడి ఉందట. మడమ ముద్ర ఉన్నచోట డాక్టరు బొటనవేలితో నొక్కాడు. నేను పెట్టిన కేకకి బయట వరసలో ఉన్నవాళ్లంతా లోపలికి తొంగిచూశారు.

ఎక్స్‌రే ఫొటో తీయించి చూశాడు. ఈ వెన్నుతో ఇంకా బరువులు మోస్తే కాళ్లు పడిపోతాయని, ఈ పనికి కుదరదని చెప్పి పంపేశాడు.

ఇంటికొచ్చి భగ్గుమన్నాను. కాలికి పసుపు పూసుకుని ఎవతైనా తంతుందా అని అరిచాను. నర్సమ్మ చేపలు కడుగుతూ తలెత్తలేదు.

“ఆ డాక్టరుబాబుకి ఎక్కడ నొక్కాలో ఎలాగ తెలుస్తాది మావా? నువ్వు సెప్పవు కదా. అందుకే గురుతెట్టి అంపినాను.”

నాకు కోపం ఒకపక్క, డాక్టరు మాటకు పుట్టిన భయం ఒకపక్క. నాలుగు తిట్టి బయటికి పోదామని పీట మీంచి లేవబోయాను. నడుం పట్టేసింది. ఆవిడ చేతులు కడుక్కొచ్చి, చంకల కింద పట్టి నన్ను మెల్లగా లేపింది.

“రేపు పెద్దాసుపత్రికి ఎల్దాం. నా కాలుకి లొంగే నొప్పి కాదు మావా ఇది.”

సరేనన్నాను.