ఖాళీగా ఉండిపోయిన రెండో స్లాటు

బావ బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్లు ఒకే మార్గంలో తిరిగాడు. ఎక్కినవాళ్లు దిగేలోపు వాళ్ల ఇంటి సంగతులన్నీ రాబట్టేవాడు, అడగకపోయినా తనవీ చెప్పేవాడు. ఇంట్లో అందరూ ఆయన్ని వాగుడుకాయ అనేవారు. ఆయనకూ ఆ పేరంటే ఇష్టమే. అలాంటి మనిషికి కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు వచ్చింది. ముందు చేతి పట్టు తప్పింది, తర్వాత కాళ్లు, ఆఖరికి నాలుక. ఏడాదిన్నరలో కళ్లు తప్ప ఒంట్లో ఏదీ ఆయన మాట వినకుండా పోయింది.

ఆసుపత్రివాళ్లు చూపును పసిగట్టే కెమెరా ఒకటి ఇచ్చారు. తెరమీద అక్షరాలుంటాయి, దేనిమీద చూపు నిలిపితే అది పడుతుంది, మాట పూర్తయ్యాక కంప్యూటరు పైకి చదువుతుంది. కంప్యూటరు మాత్రం మీరే తెచ్చుకోవాలన్నారు. ఆయన భార్య తమ్ముడికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆ పని తనకు వదిలేయమన్నాడు. మంచం పక్కన చప్పుడు చెయ్యనిది కావాలని చిన్న పెట్టె ఒకటి ఎంచాడు. దానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. తెరమీద బొమ్మ గీసే పని ప్రాసెసర్‌లోని ఒక భాగమే చేస్తుంది. దానికి సొంత మెమరీ ఉండదు కనుక కంప్యూటరు పని చేసుకునే మెమరీ, అంటే ర్యామ్‌లోంచే కొంత తీసుకుంటుంది. ఇదంతా అతనికి కొట్టిన పిండి. రెండు ర్యామ్‌లు పెట్టాల్సిన చోట చేతికందిన చిన్నది ఒక్కటి పెట్టి, రెండోది వచ్చే వారం తెస్తానని అక్కతో చెప్పి వెళ్లాడు.

వెళ్లినవాడు ఎనిమిది నెలలు రాలేదు.

పని తెమలడం లేదని ఫోనులో చెప్పేవాడు. అది అబద్ధం. తనకు సైకిలు నేర్పిన మనిషి కళ్లు మాత్రం కదుపుతూ పడుకుని ఉండటం చూడలేకపోయాడు.

అక్క కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పొద్దున్నా సాయంత్రమూ భర్త దగ్గర కూర్చునేది. ఆయన ఒక అక్షరం చూస్తే అది పడటానికి మూడు నాలుగు సెకన్లు పట్టేది. ఈలోగా చూపు జరిగితే వేరేది పడేది. చెరపాలి, మళ్లీ మొదలు. నెమ్మదిగా ఉందిరా అని ఆమె ఫోను చేస్తే, ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమనేవాడు తమ్ముడు. పోనుపోను ఆమె యంత్రాన్ని వదిలి మనిషినే అనుమానించింది. జబ్బు బుర్రకు ఎక్కిందేమో అనుకుంది. ఆయన ఒకటి రెండు అక్షరాలు తేగానే మిగతాది తనే పూరించేది. ‘నీ’ అని పడితే చాలు, నీళ్లు తెచ్చి చెంచాతో నోరు తడిపేది. ఆయన కళ్లు మూసుకునేవాడు.

చివరికి, నువ్వు రాకపోతే దీన్ని ఎవరికైనా ఇచ్చేస్తానని ఆమె గట్టిగా అంటే, ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. బావ మొహం చూడకుండా నేరుగా పెట్టె ముందు కూర్చున్నాడు. సెట్టింగుల్లో చూడగానే కథ అర్థమైంది. ఉన్న కాస్త ర్యామ్‌లో పెద్ద వాటా బొమ్మ గీసే భాగమే పట్టేసుకుంది. కెమెరా, అక్షరాలు, గొంతు మిగిలిన కాసింత కోసం కొట్టుకుంటున్నాయి. ర్యామ్ ఒక్కటే కావడంతో రాకపోకలకు దారీ ఒక్కటే. తెరమీద బొమ్మ గీయడానికీ, చూపు లెక్కకట్టడానికీ అదే దిక్కు. మూత విప్పితే ర్యామ్ పెట్టాల్సిన రెండో స్లాటులో దుమ్ము పేరుకుని ఉంది.

దుకాణానికి వెళ్లి ఒకే రకం పెద్ద ర్యామ్‌లు రెండు తెచ్చి పెట్టాడు. పది నిమిషాల పని.

బావ చూపు తెరమీద నడిచింది. అక్షరాలు వెంటవెంటనే పడ్డాయి.

“ఏరా, ఇంటి దారి మర్చిపోయావా?” అంది కంప్యూటరు గొంతు.

అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన చూపు మాత్రం ఆగలేదు.

“నీ వేలు డాక్టరుకి చూపించమని ఎన్నాళ్ల నుంచి మొత్తుకుంటున్నానే. నీళ్లు తెస్తావు.”

ఆమె తన చూపుడువేలు చూసుకుంది. అద్దం అంచు కోసుకుని చీము పట్టి, తనంతట తానే మానిన గాయం. నెలల కిందటి మాట. ఇప్పుడా వేలు వంగదు. మంచం పక్కన నేలమీద కూలబడి పరుపు అంచులో మొహం దాచుకుంది.

తమ్ముడు అప్పుడు చెప్పాడు, తప్పు తనదేనని, ఒక్క పూట వచ్చి ఉంటే సరిపోయేదని. బావ అతన్ని చూసి, తెరవైపు తిరిగాడు.

“ఎనిమిది నెలలురా.”

ఫర్వాలేదని అనలేదు. కాసేపటికి, రేపు రమ్మన్నాడు.

రోజూ వచ్చాడు. బావ కండక్టరు కబుర్లన్నీ బయటికి తీశాడు. నిద్రపోయి, దిగాల్సిన చోటు దాటిపోయి, తన బస్సులోనే మూడుసార్లు అటూ ఇటూ తిరిగిన పెళ్లికొడుకు సంగతి చెప్పి కళ్లతో నవ్వాడు. అక్కతో పాత తగవులన్నీ తవ్వి, నెగ్గాడు కూడా. పందొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. ఆసుపత్రికి చేర్చేసరికే స్పృహ లేదు. మర్నాడు పోయాడు.

అక్క తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అదే అతనికి మోయలేని బరువైంది. నెల తర్వాత ఒక సాయంత్రం వచ్చి, నన్ను తిట్టక్కా అని అడిగాడు.

ఆమె భర్త చొక్కాలు మడతపెడుతోంది. “నువ్వు రాలేదు. నేను పక్కనే ఉన్నాను కదరా,” అంది. “ఆయన బుర్ర మందగించిందని నమ్మాను. పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడాను. ఆయనకి అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.”

ఇంకో చొక్కా అందుకుంది. అతనూ ఎదురుగా కూర్చుని ఒకటి తీశాడు గానీ మడత కుదరలేదు. ఆమె దాన్ని మెల్లగా లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది.