ఏ గది అంకె?

2006 మే పదకొండు. ఆ పొద్దున లక్ష్మీదుర్గ నిలబడే చద్దన్నం, మాగాయ టెంక తిని, చెయ్యి కడుక్కుని, కంప్యూటర్ ప్రాసెసర్ మీద కూలర్ బిగించింది. అరచేయంత ఫ్యాను, కింద అల్యూమినియం రేకులు. ప్రాసెసర్ వేడిని అది లాగేస్తోందో లేదో గంటసేపు నడిపి చూసి, ఎన్ని డిగ్రీలకి చేరిందో అంకె రాయడం ఆమె పని. కాగితం మీద 'పరీక్షించినవారు' అన్నచోట సంతకం మాత్రం భర్త జయకృష్ణది.

తెనాలిలో ఇంట్లోనే ఉన్న వాళ్ల కంప్యూటర్ల షాపు ముందు గదికి ఏసీ ఉంది. ఆమె టెస్టింగ్ బల్ల వెనక వంటగదిలో. కాపురానికొచ్చిన కొత్తలో అక్కడో ఫ్యాను అడిగితే అత్తగారు మాణిక్యాంబ నవ్వింది. "పొయ్యి దగ్గర ఫ్యానేంటే, మంట ఆరిపోదూ? అలవాటైతే నువ్వే తట్టుకుంటావు." తొమ్మిదేళ్లుగా తట్టుకుంటూనే ఉంది. ఈ వేసవిలో ప్రాసెసర్‌కి ఏ ఫ్యాను సుఖమో తేల్చడానికి జయకృష్ణ ఆరు రకాలు తెప్పించాడు. ఆరూ ఆమె బల్ల మీదే తిరిగాయి. బిగిస్తున్నప్పుడు వాటి గాలి మణికట్టుకి తగిలేది. ఆ కాస్తకే ప్రాణం లేచొచ్చినట్టుండేది. అంత చిన్నదానికి సంతోషించినందుకు తన మీద తనకే కోపం వచ్చేది.

బాపట్ల ఆర్డరుకి చవక కూలరే సరిపోయింది, అక్కడ ఏసీ ఉంది. రేపల్లెలో కుసుమకుమారిగారి కంప్యూటర్ సెంటర్ రేకుల షెడ్డు. పది మెషిన్లు కావాలంది. అదే చవక కూలర్ ముందు గదిలో యాభై ఎనిమిది డిగ్రీలు చూపించింది. వంటగదిలో, పప్పు ఉడుకుతుండగా, ఎనభై దాటి మెషిన్ తనంతట తనే ఆగిపోయింది.

"వంటింట్లో ఎవరైనా టెస్ట్ చేస్తారా? యాభై ఎనిమిదే రాయి," అన్నాడు జయకృష్ణ. "ఆవిడ ముందు నీ పప్పు పురాణం విప్పకు."

రాసింది.

సాయంత్రం ఆమె టీ తెచ్చేసరికి కుసుమకుమారి ఆ కాగితం చూసి తృప్తిగా పెన్ను తీస్తోంది. లక్ష్మీదుర్గ ట్రే పట్టుకునే ముందుకొచ్చింది.

"మేడమ్, అది ఈ గది అంకెండి."

"టీ ఇచ్చి లోపలికెళ్లు దుర్గా," అన్నాడు జయకృష్ణ.

ఆమె ట్రే కింద పెట్టింది. "మీ షెడ్డులాంటి గది లోపలుంది. ఒక్కసారి వస్తారా?"

కుసుమకుమారి పొయ్యి పక్కన, పమిటతో మెడ తుడుచుకుంటూ పావుగంట నిలబడింది. చవక కూలర్‌తో నడుస్తున్న మెషిన్ టప్పున ఆగింది.

"చెడిపోయిందా అమ్మా?"

"లేదండి. ఇంక చాలనుకుని ఆగింది. ఆగకపోతే చెడిపోయేది."

కుసుమకుమారి తెర వైపు చూడలేదు. తలెత్తి, ఫ్యాను లేని కప్పు వైపు చూసింది. "మరి నువ్వు?" అంది మెల్లగా.

పెద్ద కూలరే ఖాయమైంది. సంతకం ఎవరు పరీక్షించారో వాళ్లే పెట్టాలంది ఆవిడ. వెళ్తూ వెళ్తూ చల్లారిన టీ కూడా వదలకుండా తాగింది.

"పరువు తీశావు," అన్నాడు జయకృష్ణ. లక్ష్మీదుర్గ బల్లని ఒక్కతే ఈడ్చుకెళ్లి ముందు గదిలో, ఏసీ కింద వేసుకుంది.

"చపాతీలెప్పుడే?" మాణిక్యాంబ కేక.

"పిండి కలిపే ఉందత్తయ్యా. నేను ఇవాళ్టికి ఆగాను."

పొయ్యి ఆర్పి, వంటగది తలుపు చప్పుడు కాకుండా మూసింది.