వేలిముద్ర రాజు

ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇంగ్లండును ఏలిన జాన్ అనే రాజు మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు. పొద్దున నారాయణగూడలో ఇంటర్ పిల్లలకు సివిక్స్, సాయంత్రం అశోక్ నగర్‌లో గ్రూప్ వన్ వాళ్లకు పాలిటీ చెప్పి, చిక్కడపల్లిలో ఇంటికి చేరేసరికి కాళ్లు పీకేస్తుంటాయి. ఏ రాజు మంచివాడో ఏ రాజు చెడ్డవాడో తేల్చే ఓపిక ఎవరికుంటుంది? అయినా తొంభై ఆరు వానాకాలంలో ఆ మహానుభావుడి తరఫున వకాల్తా పుచ్చుకోవలసి వచ్చింది.

మా కోచింగ్ సెంటర్ సూర్యనారాయణమూర్తి గారిది. నోట్సూ ఆయనదే. ప్రాథమిక హక్కుల పాఠం మాగ్నా కార్టాతో మొదలవుతుంది. రాజైనా చట్టానికి లోబడాల్సిందేనని సామంతులు జాన్ మెడలు వంచి ఒప్పించిన పత్రం అది. 'దానిపై జాన్ ముద్ర వేశాడు' అని నోట్సులో ఉంది. అది మైనం మీద వేసే రాజముద్ర. మూర్తి గారు మాత్రం వేలిముద్ర అనుకున్నారు. మన దగ్గర కాగితం మీద ముద్ర వేశాడంటే ఇంకేమనుకుంటారు? ఏటా ఆ పాఠం ఒక్కటీ తనే చెప్పి, బొటనవేలు ఎత్తి చూపించి, రాజైతేనేం, వేలిముద్రగాడు అనేవారు. క్లాసంతా పడీ పడీ నవ్వేది.

ఆ ఏడు మా దగ్గర ఎల్లేష్ అని ఒకడు చేరాడు. మహబూబ్‌నగర్ జిల్లా వాడు. తండ్రి లేడు. తల్లి ఆశమ్మ ముషీరాబాద్ బస్తీలో ఉంటూ బిల్డింగుల పనికి పోతుంది. కొడుకును చేర్పించిన రోజు ఆఫీసులో సంతకం పెట్టాల్సిన చోట ఆవిడ వేలిముద్ర వేసింది. తుడుచుకోవడానికి ఏమీ దొరక్క, చీరకు అంటుకుంటుందని సిరా వేలు పైకెత్తి పట్టుకుని మెట్లు దిగింది. చూసినవాళ్లు చూశారు. వారం తిరక్కుండానే మూర్తి గారి పాఠం వచ్చింది. ఆ సాయంత్రం నుంచి ఎల్లేష్ పేరు జాన్ అయి కూచుంది.

టీ తాగుదామా జాన్, జర జరుగు జాన్. ఎందుకలా పిలుస్తున్నారో మొదట నాకు తెలియలేదు. తెలిశాక ఒళ్లు మండింది. ఎల్లేష్ ప్రిలిమ్స్ గట్టెక్కాడు, దసరా కాగానే మెయిన్స్. తెలుగు మీడియంలో అంత శుభ్రంగా జవాబు రాసేవాణ్ని ఈ పదేళ్లలో నేను చూడలేదు. అలాంటివాడు క్లాసుకు రావడం మానేశాడు.

టీ కొట్టు దగ్గర దొరికితే పట్టుకుని అడిగాను. తల్లితో పాటు పనికి పోతాడట, మేస్త్రీతో మాట్లాడుకున్నాడట. మీ అమ్మకు ఏమని చెప్పావురా అన్నాను.

"ఏమని చెప్పాలె మేడమ్? నీ ఏలిముద్రకు నవ్వుతున్నరని చెప్పాలెనా?" అన్నాడు.

మంగళవారం ఒక్కరోజు రా, ఆ తర్వాత నీ ఇష్టం అని బతిమాలాను. ఆ ఆదివారం లైబ్రరీలో కూర్చున్నాను. ఆదివారమైనా కాస్త నడుం వాల్చే యోగం నాకెక్కడిది! జాన్ గురించి దొరికినవన్నీ చదివాను. చదువు లేకపోవడమేమిటి, మఠాల్లోంచి పుస్తకాలు తెప్పించుకుని మరీ చదివేవాడట. న్యాయస్థానంలో తనే కూర్చుని తగవులు తీర్చేవాడట. ఆ కాలంలో రాజులు పత్రాల మీద సంతకం పెట్టరు, ముద్ర వేయిస్తారు. అంతే సంగతి.

మంగళవారం ఎల్లేష్ వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. నేను జాన్‌ను బోనులోంచి దింపాను. కడిగిన ముత్యమని చెప్పలేదు. అన్న కొడుకును చెరలో పెడితే ఆ కుర్రవాణ్ని మళ్లీ చూసినవాడు లేడు. ఒక తల్లినీ కొడుకునూ ఖైదులో తిండి పెట్టకుండా చంపించాడంటారు. దుర్మార్గుడే, కానీ బాగా చదువుకున్న దుర్మార్గుడు, వేలిముద్రగాడు మాత్రం కాదు అన్నాను. ఇక ఆ పేరు పెట్టి ఏడిపించడానికి వీల్లేదు కదా అని నా ధీమా.

గణేశ్ అనే కుర్రాడు లేచాడు. చెడ్డవాడు కాదు, నోటి దురద.

"అయితే మేడమ్, రాజుది కాదు. అసలు ఏలిముద్ర ఖాందాన్ మన జాన్‌దే అన్నట్టు."

క్లాసు గొల్లుమంది. ఎల్లేష్ పుస్తకం మూసుకుని వెళ్లిపోయాడు. వినాయకుణ్ని చేయబోతే కోతి అయింది. రాజుకు అంటిన మసి కడిగి, తీసుకెళ్లి ఆశమ్మకు పూశాను. నవ్వాల్సింది వేలిముద్రను చూసి కాదురా అని చెప్పాల్సినదాన్ని, రాజుగారికి అది లేదని నిరూపించి వచ్చాను. మూర్తి గారైతే, రాజుతో మనకెందుకు వందన గారూ, నోట్సులో ఉన్నది చెప్పండి చాలు అన్నారు. సరేనన్నాను. ఇంకెవరికీ ఏమీ చెప్పే ఓపిక నాలో లేదు.

నాలుగు రోజులకు సాయంత్రం సెంటర్ మెట్ల దగ్గర ఆశమ్మ కనిపించింది. పని మానుకుని, కొడుకు రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

"ఈడు మల్ల కూలికొస్తనంటున్నడు మేడమ్. ఏమైందిరా అంటె చెప్తలేడు. గీడ ఈనికేం తక్కువైంది? పోరగాండ్లంత జాన్ జాన్ అని పిలుస్తరు, బస్తీ దాక వచ్చి పిలిచిన్రు. జాన్ అంటె ఉర్దూల పానమని మా మేస్త్రి సాయబు చెప్పిండు. కన్నదాన్ని, నేనే ఎన్నడు గట్ల పిలువలే. గంత పానంగ చూసుకునేటోల్లను ఇడిసిపెట్టి యాడికి పోతడు?"

నేను ఎల్లేష్ వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. చెప్పొద్దు మేడమ్ అన్నట్టు తల అడ్డంగా ఊపాడు, ఆవిడకు కనపడకుండా.

"నిజమే గద మేడమ్? జాన్ అంటె పానమే గద?"

"అవునమ్మా," అన్నాను. "ప్రాణమే."

పై మెట్ల మీది నుంచి గణేశ్ తొంగి చూసి, జాన్ వచ్చిండ్రా అని లోపలికి కేకేశాడు. లోపల నవ్వులు వినిపించాయి. ఆశమ్మ ముఖం విప్పారింది. విన్నరా అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. సున్నం తిన్న ఆ బొటనవేలు నా అరచేతికి గరుగ్గా తగిలింది.

కొంగు మీదున్న ఆమె రెండో చేతిని ఎల్లేష్ మెల్లగా తీసుకుని నిమిరాడు. తరవాత తలెత్తి, ఆమెకు వినపడేలా పలికాడు.

"ఆఁ, వస్తున్న."