కుంపటి పక్కన కునుకు

దగ్గరికి జరిగి కూర్చోండి. దుప్పటి కప్పుకునేవాళ్లు కప్పుకోండి గానీ చెవులు మాత్రం బయట పెట్టండి. ఇది చలికాలపు కథ. మన కొత్తవాడలోనే, జంపఖానాలు నేసే ఒక షెడ్డులో, పోయిన ఏటి చలికి అనసూర్యకు ఏమైందో చెబుతాను. నడుమ ఎవరూ లేవకండి, కథ చెదిరిపోతుంది.

అనసూర్య అంటే పండరి భార్య. పండరి మగ్గం మీద కూర్చుంటాడు, ఆమె నూలు చూసుకుంటుంది. రంగు గోళెంలోంచి తీసిన నూలు చుట్టలను, అదే చిలపలను, పిండి, వెదురు గడలకు వేలాడదీసి, ఆరేదాకా వాటిని తిప్పుతూ ఉండటం ఆమె పని. అదేం పని అనుకునేరు. ఒక పక్క ముందు ఆరి ఇంకో పక్క తడి ఉంటే, రంగంతా తడి ఉన్న దిక్కుకు గుంజుకుపోతుంది. నేసిన తర్వాత జంపఖానా మీద మరకలు తేలుతాయి. అనసూర్య ఆరబెట్టిన నూలులో మరక అనేది ఎవరూ చూడలేదు. చంటిపిల్లకు తలంటి తుడిచినంత ఓపిక ఆమెకు ఆ నూలు దగ్గర.

ఎండాకాలంలో ఫికరు లేదు, ఎండే చూసుకుంటుంది. చలికాలంలోనే వస్తాయి తిప్పలన్నీ. పొద్దెక్కినా సూర్యుడు ముసుగు తీయడు. ఊరి చుట్టూ ఉన్న చెరువుల మీదినుంచి మంచు లేచి, గల్లీల్లో పడి, అడగకుండానే ఇళ్లలోకి వస్తుంది. అందుకే ఆ షెడ్డువాళ్లకు ఒక పద్ధతి ఉండేది. తడి చిలపలన్నీ వెనుక గదిలో వేలాడదీసి, కింద బొగ్గుల కుంపటి పెట్టి, మంచు చొరబడకుండా తలుపు బిగించి, తలుపు కింది సందులో గోనెసంచి కుక్కేవాళ్లు. నూలుకు గాలి తగలకుండా కాపాడుకునేవాళ్లు. మనిషికి గాలి కావాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ గదికి అనసూర్యే రాణి.

ఆ షెడ్డు యజమాని సిద్దిరాములు. ఆయన బిడ్డ సుహాసిని ఊరి బయట ఒక పెద్ద మిల్లులో ఉద్యోగం చేస్తుంది. పనివాళ్లకు దెబ్బలు తగలకుండా చూడటమే ఆ పిల్ల ఉద్యోగం. అక్కడ నేర్చింది ఇక్కడ ఎందుకు చెప్పకూడదని, కాలం మారినప్పుడల్లా ఒక శనివారం పొద్దున, మగ్గాలు మొదలుపెట్టకముందు, తండ్రి షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి మీటింగు పెట్టేది. వానలు పడ్డప్పుడు, తడి చేతులతో స్విచ్చులు ముట్టుకోవద్దని, మోటారు మీద తువ్వాలలు ఆరేయవద్దని చెప్పింది. ఎండలు ముదిరినప్పుడు, దాహం కాకముందే నీళ్లు తాగాలని, కళ్లు తిరిగితే సిగ్గుపడకుండా నీడకు పోవాలని చెప్పింది. వినేవాళ్లు విన్నారు, నవ్వేవాళ్లు నవ్వారు. మీటింగుకు చాయ్ ఇచ్చేవాళ్లు కాబట్టి ఎవరూ మానలేదు. పండరి అయితే, నీ మాటలు పెద్దగున్నయి, గ్లాసు చిన్నగున్నది బిడ్డా అని ఆ పిల్లను ఆట పట్టించేవాడు.

చలికాలం మీటింగులో మాత్రం సుహాసిని చెప్పింది ఒకే ముచ్చట.

"బొగ్గుల కుంపటి మూసిన రూముల పెట్టద్దు. దాని గాలికి పొగుండది, వాసనుండది, మనకు తెల్వనే తెల్వది. తల నొస్తది, కడుపుల తిప్పుతది. అటెన్క కమ్మగ నిద్రొస్తది. గప్పుడు పండుకోవద్దు. ఎట్లన్న జేసి బయటికి రావాలె."

అందరూ అనసూర్య దిక్కు చూశారు. ఆమెకు ముఖం చిన్నబోయింది. తన గదిలోకి చెప్పులతో నడిచివచ్చినట్టు అనిపించింది.

"మా మామ కాలం నుంచి గా రూముల కుంపటున్నది. నేనేమన్న సచ్చిన్నా సుహాసినీ?"

"సచ్చినంక అడగనీకి నువ్వుండవు గద చిన్నమ్మా," అంది ఆ పిల్ల. నవ్వుతూనే అంది, కానీ కళ్లు నవ్వలేదు.

గోడకు గాలి గుంజే ఫ్యాను పెట్టించమని తండ్రిని అడిగింది. పెండ్లిళ్ల ఆర్డరు మీదున్నాం, అది కానీ, తర్వాత చూద్దామని సిద్దిరాములు మాట దాటవేశాడు. అనసూర్య ఆ తర్వాత చాలా రోజులు సుహాసిని మాటలనే ఆట చేసుకుంది. కండెలు చుట్టే ఆడవాళ్ల ముందు కళ్లు అరమూసి, తల ఒక పక్కకు వాల్చి, కమ్మగ నిద్రొస్తది, పండుకోవద్దు, అని సుహాసిని గొంతుతో అనేది. వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు.

ఇక కావ్య సంగతి. కావ్య ఆమె కోడలు, కొడుకు సాయితేజ భార్య. పాలంపేట దిక్కు వరి పండించేవాళ్ల పిల్ల. పొలం గాలికి పెరిగిన ఆ పిల్లకు ఈ గల్లీ చలి పడలేదు. దానికి తోడు కడుపుతో ఉంది, ఏం తిన్నా ఇమిడేది కాదు. ఆడపిల్లలు లేని అనసూర్యకు కోడలంటే ప్రాణం. సాయితేజ పొద్దున్నే ఆటో తీసుకుని పోతే, ఇంట్లో ఒంటరిగా వణుకుతూ ఎందుకని కోడలిని తన వెంట షెడ్డుకు తీసుకుపోయేది.

ఆ పొద్దున మంచు ఎంత కురిసిందంటే, పాలవాని బెల్లు వినబడింది గానీ పాలవాడు కనబడలేదు. గల్లీలో మనుషులు సగం సగమే ఉన్నారు. కావ్య పెదవులు తెల్లబడ్డాయి. అనసూర్య ఆమెను వెనుక గదిలోకి తీసుకుపోయి, కుంపటి దగ్గర పీట వేసి కూర్చోబెట్టి, తన శాలువ కూడా ఆమెకే కప్పింది. పిల్లకు చలి తగలకూడదని, తలుపు కింద ఒక సంచికి రెండు సంచులు కుక్కింది. చూశారా, ప్రేమతోనే కుక్కింది.

గది వెచ్చబడింది. గడల నిండా ఎర్రటి చిలపలు. వాటి చివరి చుక్కలు కుంపటిలో పడి చుయ్‌మంటున్నాయి. కావ్య వాళ్ల ఊరి నారుమడి గురించి చెబుతోంది. మంచులో నారుమడి ఎలా ఉంటుందో, పచ్చదనం కనబడకముందే దాని వాసన ఎలా వస్తుందో చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆ మాటలు నెమ్మదించాయి. తల అత్త ఒడిలోకి జారింది. అలసిపోయింది పాపం అనుకుంది అనసూర్య. తనకూ తల నొస్తోంది. పొద్దుటి చాయ్ సరిగ్గా పడలేదు అనుకుంది. లేచి చిలపలు తిప్పాలి అనుకుంది. ఇంకొంచెం ఆగి తిప్పుదాంలే అని కూడా అనుకుంది.

అప్పుడు ఆ చిలపలు కదిలాయి. గాలి లేదు, అయినా కదిలాయి. ఎర్రగా ఊగుతూ కిందికి దిగి, ఎనుమాముల మార్కెట్లో పోసిన మిరపకాయల రాశులయ్యాయి. ఆ రాశుల మీదుగా పొద్దు వాలింది. ఎరుపు కరిగి పసుపయింది. చూస్తే అది కేసముద్రం గంజు, ఆమె తల్లిగారి ఊరి గింజల మార్కెట్టు. ఎటు చూసినా మక్కల రాశులు, పచ్చటి మొక్కజొన్న గింజలు. చిన్న అనసూర్య వట్టి కాళ్లతో వాటి మీద నడుస్తోంది. గింజలు వెచ్చగా కాలివేళ్ల సందుల్లోకి వస్తున్నాయి. దూరంగా ఎవరో చాటతో చెరుగుతున్నారు. చెరిగిన పొట్టు బంగారు మంచులా లేచి నెమ్మదిగా దిగుతోంది. ఆ పొట్టులోంచి అవ్వ నడిచివచ్చింది. ఎప్పుడో పోయిన కన్నతల్లి. కొంగులో గింజలున్నాయి, నుదుట బొట్టుంది, చేతులకు ఆ పాత గాజులే ఉన్నాయి. రాశి పక్కన కూర్చుని ఒడి చూపించింది.

"జర పండుకో బిడ్డా. మస్తు అలిసినవ్."

ఎంత కమ్మటి మాట! అనసూర్య ఒంటిలోని బరువంతా దిగిపోయింది. ఒడిలో తల పెట్టబోయి, అవ్వ ముఖంలోకి చూసింది. చూసి ఆగింది.

ఎందుకు ఆగిందో చెప్పనా? ఆ అవ్వ బతికున్నన్నాళ్లు పగటిపూట ఎవరినీ పడుకోనిచ్చిన మనిషి కాదు. పొద్దెక్కినా లేవకపోతే పిల్లల ముఖాన చెంబెడు నీళ్లు గుమ్మరించేది. జ్వరమొచ్చినా కూర్చోబెట్టి గింజలు ఏరించేది. అలాంటి అవ్వ పట్టపగలు పండుకోమంటుందా? ఈమె మా అవ్వ కాదు అనుకుంది అనసూర్య. అనుకోగానే ఆమె నోటినుంచి ఒక గొంతు వచ్చింది. అది ఆమె గొంతు కాదు. ఎకసెక్కం కోసం అన్నాళ్లు అనీ అనీ నాలుకకు పట్టిపోయిన సుహాసిని గొంతు. పండుకోవద్దు, అంది ఆ గొంతు. బయటికి రావాలె, అంది.

మక్కల రాశి నల్లబడింది. ఒడిలో కావ్య తల రాయిలా ఉంది. పిలిస్తే పలకలేదు. చెంపల మీద తడితే కళ్లు తెరవలేదు. అనసూర్య లేవబోయింది. మోకాళ్లు నానబెట్టిన నూలులా మెత్తగా వంగిపోయాయి. సరే, లేవలేకపోతే పాకుదామని పాకింది. తలుపు తోసింది, కదలలేదు. తన చేతితో కుక్కిన సంచులే దాన్ని పట్టుకున్నాయి. గోళ్లతో లాగింది. ఒకటి వచ్చింది, రెండోది సగం చిరిగి వచ్చింది. తలుపు తెరుచుకోగానే మంచు తెల్లగా, చల్లగా లోపలికి దొర్లింది. జీవితమంతా ఏ మంచును ఆ గది గడప తొక్కనివ్వలేదో, ఆ మంచునే నోరంతా తెరిచి తాగింది. వెనక్కి తిరిగి, శాలువ అంచు పట్టి కోడలిని గడప దాకా ఈడ్చింది. కేక వేసింది గానీ, పక్కన మగ్గాల మోతలో అది ఎవరికీ వినబడలేదు.

పండరి మగ్గం మీద అప్పుడే పోగు తెగింది. అతికేందుకు మగ్గం ఆపి తలెత్తితే, వెనుక గది తలుపు బార్లా తెరిచి కనబడింది. మంచు లోపలికి పోతాంది, నూలు పాడైతాంది, ఎవరు తీసిండ్రు తలుపు అని తిట్టుకుంటూ వచ్చాడు. వచ్చి, గడప మీద ఇద్దరినీ చూసి, తిట్టు నోట్లోనే మింగాడు.

ఆ తర్వాత అంతా ఆటో, హారను, దవాఖాన. ఇద్దరి ముఖాలకూ గాలి గొట్టాలు పెట్టారు. కావ్య చాలాసేపు కళ్లు తెరవలేదు. కబురు విని వచ్చిన సాయితేజ గోడకు జారగిలబడి భార్య ముఖం వంకే చూస్తున్నాడు. అది చూసి అనసూర్యకు గుండె మండింది. తనకు పెట్టిన గొట్టం తీసి కోడలికే పెట్టండని నర్సుతో కొట్లాడింది. అది అందరికీ ఉంటుందమ్మా, నువ్వు పడుకో అని నర్సు అంటే, పడుకోనని మంచం మీద నిటారుగా కూర్చుంది.

మబ్బు విడిచి కిటికీలో ఎండ పడ్డాక కావ్య కళ్లు తెరిచింది. చుట్టూ చూసింది. అత్తను గుర్తుపట్టింది.

"అత్తమ్మా, నూలు ఆరిందా?"

"ఆరకపోతే పాయె బిడ్డా," అంది అనసూర్య.

డాక్టరమ్మ మిషను పెట్టి కడుపులో బిడ్డ గుండె వినిపించింది. బిడ్డకు ఏమీ కాలేదని, ఇంకాస్త ఆలస్యమైతే తాను ఏమీ చెప్పలేకపోయేదాన్నని అంది. ఆ మాట విన్నాకే అనసూర్య పడుకుంది.

తర్వాతి శనివారం కాలం మారలేదు, అయినా మీటింగు జరిగింది. ఈసారి పిలిచింది అనసూర్యే. చాయ్ తానే పోసింది. సుహాసినిని పక్కన నిలబెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా మాట్లాడింది.

"ఈ పిల్ల చెప్పిందంత నిజమే. గని ఒకటి చెప్పలే, దానికి తెల్వదు గద. గా గాలి భయం పెట్టదుల్లా. మస్తు మంచిగుంటది. సచ్చిపోయినోళ్లు గూడ వస్తరు, ఒడిల పండుకోమంటరు. మూసిన రూముల కుంపటి కాడ గంత మంచిగ అనిపిస్తే, ఎంటనే లేవుండ్రి."

పండరి చేతిలో చాయ్ చల్లారిపోయింది. సిద్దిరాములు ఆ సాయంత్రమే తాపీవాడిని పిలిచి, వెనుక గది గోడలకు ఎదురెదురుగా రెండు కిటికీలు కొట్టించాడు. ఆ ఏడు పెండ్లిళ్ల జంపఖానాలు ఆలస్యంగా పోయాయి, కొన్నిటి మీద మరకలు కూడా తేలాయి. కొన్నవాళ్లు గొణిగారు. గొణగనీ. ఇప్పుడు చలికాలం పొద్దున మీరు ఆ గదికి వెళ్లి చూడండి. మంచు ఒక కిటికీలోంచి వచ్చి, ఎర్రటి చిలపల మధ్య మెల్లగా తిరిగి, రెండో కిటికీలోంచి వెళ్లిపోతుంది. నూలు దానికి తీరినప్పుడు ఆరుతుంది. వానలు పడకముందే కావ్యకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను చంకనేసుకుని అనసూర్య గడప దగ్గరే కూర్చుంటుంది.

ఇదీ కథ. మీలో మగ్గాల మీదికి పోయేవాళ్లున్నారు, మిల్లులకు, గోదాములకు పోయేవాళ్లున్నారు. చలి మొదలవగానే మీ పనికాడ నలుగురిని కూర్చోబెట్టి ఈ ముచ్చట చెప్పండి. నాలా సాగదీసి చెప్పకపోయినా ఫరవాలేదు. మరిచిపోకుండా చెప్పండి, విన్నవాళ్లను ఇంకొకరికి చెప్పమనండి.